నానమ్మ గురక మధ్యలో ఎందుకు ఆగింది?

రాజమండ్రికి చెందిన ఒక విశ్రాంత తెలుగు టీచరుగారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 66, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 72 కిలోలు. పదేళ్లుగా బీపీ మాత్ర, ఏడేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు. షుగర్ లేదు. పైవరసవన్నీ కట్టుడు పళ్లే. కుడిభుజం పట్టేసి ఏడాది దాటింది. మోకాళ్లు అరిగిపోయాయి. రెండు నెలల్లో ఎడమ మోకాలికి ఆపరేషన్ ఉంది కాబట్టి ప్రస్తుతం హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు.

"గురక పదేళ్ల నుంచీ ఉంది. మావారికి చెముడు కాబట్టి ఇన్నాళ్లూ ఇంట్లో గొడవ లేదు" అని రాశారు. పోయినేడు తోటి టీచర్లతో తిరుపతి వెళ్తే హాల్లో అందరూ పక్కపక్కనే పడుకున్నారు. తెల్లారి కాఫీల దగ్గర ఒకావిడ ఈమె గురకను అచ్చం అలాగే తీసి చూపించింది, అందరూ నవ్వారు. వచ్చే మాఘంలో అదే బృందం కాశీ వెళ్తోంది. వెళ్లాలని ఉంది, కానీ ధైర్యం చాలడం లేదు. కొడుకింట్లో రెండే పడగ్గదులు. మనవరాలి పక్కన పడుకుంటే పదేళ్ల ఆ పిల్ల ఒక రాత్రి ఫోన్‌లో రికార్డు చేసి, "నానమ్మా, నువ్వు మధ్యలో ఆగిపోతున్నావు, నాకు భయమేసింది" అంది. ఇంటిల్లిపాదీ నవ్వేశారు. ఈవిడ మాత్రం మర్నాటి నుంచి హాల్లో దివాన్ మీదకి మారిపోయారు. కొడుకు ముక్కుకు పెట్టుకునే అయస్కాంతం క్లిప్పూ, గడ్డానికి కట్టే పట్టీ తెప్పించాడు. కోడలు ఏదో వీడియో చూసి నోటికి టేపు వేసుకోమంది. పక్కింటావిడ పడుకునే ముందు ముక్కులో నెయ్యి చుక్కలు వేసుకోమంది.

అడిగినవి రెండు. ఇంట్లో ఉండే ఏం చేస్తే గురక తగ్గుతుంది? నోటికి టేపు అన్నందుకు కోడలి మీద నొచ్చుకోవడం తన తప్పా? చివరి పేజీలో అడక్కుండానే ఇంకొన్ని సంగతులు రాశారు. రాత్రి మూడుసార్లు బాత్రూంకి లేస్తారట. పొద్దున్న తల దిమ్ముగా ఉంటుందట. మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుంటే కునుకు ఆగదట. నిద్ర చాలడం లేదంటే రాసిచ్చిన ఆల్‌ప్రజోలం 0.25 మాత్ర అయిదేళ్లుగా వాడుతున్నారు. ముక్కుదిబ్బడకి ఏడాదిగా రోజూ రాత్రి చుక్కల మందు వేసుకుంటే గానీ నిద్ర పట్టదు. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే కాఫీతో వేసుకుంటారు.

టీచరుగారూ,

మీ నాలుగు పేజీల్లో అన్నిటికన్నా పనికొచ్చే మాట మీ మనవరాలిది. తిరుపతిలో నవ్వినవాళ్లు మీ గురక విన్నారు. ఆ పిల్ల గురక ఆగడం విన్నది. చప్పుడు ఎంత పెద్దదన్నది పక్కవాళ్ల సమస్య. మధ్యలో నిశ్శబ్దం వస్తోందా, ఎంతసేపు ఉంటోంది అన్నది మీ సమస్య.

మన భాషలోనే ఒక చిక్కుంది. ఒళ్లు తెలియకుండా పడుకున్నవాణ్ని చూసి "గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటాం, అదేదో సుఖనిద్ర అయినట్టు. జరిగేది వేరు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. వయసు మీద పడేకొద్దీ, ఆడవాళ్లలో ముట్లుడిగాక మరీనూ, ఆ బిగువు ఇంకా సడలుతుంది. నాలుక మొదలు వెనక్కి జారుతుంది, మెత్తటి అంగిలీ కొండనాలుకా వేలాడతాయి. మిగిలిన సన్నటి సందులోంచి గాలి దూరేటప్పుడు అవి అదురుతాయి, అదే గురక. ఆ సందు పూర్తిగా మూసుకుంటే చప్పుడూ ఉండదు, ఊపిరీ ఉండదు. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది గానీ గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గాక మెదడు ఉలిక్కిపడి కండరాలను బిగిస్తుంది, పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది. పొద్దున్నకి మీకు ఇదేమీ గుర్తుండదు. పది సెకన్లు, అంతకుమించి ఊపిరి ఇలా ఆగితే ఆప్నియా అంటారు. ఊపిరి ఆగడం, బాగా తగ్గిపోవడం రెండూ కలిపి గంటకు 5 లోపు ఉంటే పెద్దవాళ్లలో మామూలే. 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు అడిగే ఎనిమిది ప్రశ్నలున్నాయి. గట్టి గురక ఉందా, పగలు అలసట, మత్తు ఉన్నాయా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, ఎత్తుకు తగిన బరువు లెక్క (బీఎంఐ) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా? ఒక్కో 'అవును'కి ఒక మార్కు. మూడు వస్తే అనుమానించాలి, అయిదుగానీ ఆపైనగానీ వస్తే అనుమానం బలపడుతుంది. మీ బీఎంఐ దాదాపు 30, కాబట్టి దానికి మార్కు లేదు. మీ మెడ కొలత నాకు తెలియదు. అయినా మీకు ఇప్పటికే అయిదు వచ్చాయి. టైలరింగ్ టేపుతో మెడ కూడా ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి.

ఇక చివరి పేజీ. అవన్నీ వయసుతో వచ్చిన వేర్వేరు బాధలుగా మీరు రాశారు. నాకవి ఒకే దండలో పూసల్లా కనిపిస్తున్నాయి. ఊపిరి ఆగి ఛాతీ లోపల ఒత్తిడి మారినప్పుడల్లా గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరెక్కువైందనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, మూత్రం ఎక్కువగా తయారవుతుంది. రాత్రి మూడుసార్లు లేవడానికి ఇదొక కారణం కావచ్చు. పొద్దున తలదిమ్ము, పగటి కునుకు, బీపీ కూడా ఊపిరి ఆగడం వైపే వేలు చూపిస్తాయి. నిద్ర చాలడం లేదని మీరంటే నిద్రమాత్ర రాశారు. ఆల్‌ప్రజోలం గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది, ఊపిరి ఆగినప్పుడు మెదడు ఉలిక్కిపడటాన్నీ ఆలస్యం చేస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. అలాగని రేపే మానేయకండి. అయిదేళ్లుగా అలవాటైన మాత్రను ఒక్కసారి ఆపితే నిద్ర అసలే పోతుంది, చేతులు వణుకుతాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. రాసిన డాక్టరుతో మాట్లాడి వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. జలుబుకు వేసుకునే అవిల్ లాంటి మత్తు మాత్రలకు మాత్రం ఈ ఇబ్బంది లేదు, వాటిని ఈ రాత్రి నుంచే పక్కన పెట్టొచ్చు.

ముందు సాక్ష్యం కావాలి. మీవారు సాక్షిగా పనికిరారని మీరే రాశారు కాబట్టి ఫోనే దిక్కు. ఛార్జింగ్‌లో పెట్టి, కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, తలకు ఒక మీటరు దూరంలో స్టూలు మీద పెట్టండి. రెండు రాత్రులు చాలు. రాత్రంతా వినక్కర్లేదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర తెల్లవారుజామున ఉంటుంది, ఆడవాళ్లలో ఊపిరి ఆగడం ఆ దశలోనే ఎక్కువ. కాబట్టి మూడింటి నుంచి అయిదింటి మధ్యలో ఒక అరగంట వినండి. గురక ఆగిన క్షణం నుంచి గుర్రుమని మళ్లీ మొదలయ్యేదాకా అంకెలు లెక్కపెట్టండి. పది దాటినవి ఎన్ని, అన్నిటికన్నా పొడుగుది ఎన్ని సెకన్లు అన్నది కాగితం మీద రాయండి. మనవరాలి రికార్డింగు తుడిచేయకండి, అది డాక్టరుకు వినిపించాలి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉండే ఉంటుంది. పగలు మెలకువలో అందులో 97 కనిపించినంత మాత్రాన ధైర్యపడకండి, రాత్రి ఏమవుతోందో దానికి తెలియదు.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఆపరేషన్‌కి ముందే నిద్ర పరీక్ష చేయించుకోవడం. ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు. ఇంటికే పరికరం తెచ్చి అమర్చే ఏర్పాటు హైదరాబాద్‌లో దొరుకుతుంది. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు పెట్టుకుని ఒక్క రాత్రి పడుకుంటే చాలు. ఊపిరితిత్తుల డాక్టరుగానీ చెవి, ముక్కు, గొంతు డాక్టరుగానీ రాసిస్తారు. డాక్టరు మానమంటే తప్ప రోజువారీ మాత్రలు వేసుకునే పడుకోండి, లేకపోతే మీ మామూలు రాత్రి ఆ లెక్కలోకి రాదు. సంఖ్య ఎక్కువగా వస్తే గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మిషను పెట్టుకోమంటారు. దాని ధర పదుల వేలల్లో ఉంటుంది. నెల అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు, మాస్కు అలవాటవుతుందో లేదో చూసుకున్నాకే కొనొచ్చు.

రెండోది, ముందు ఇంట్లో చేయదగినవి చేసి, తగ్గకపోతే పరీక్షకు వెళ్లడం. ఊపిరి ఆగని ఉత్త గురకకు ఇదే సరైన వరస. మీ విషయంలో నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఇంటి చిట్కాలన్నిటిలోకీ బాగా పనిచేసేది పక్కకు తిరిగి పడుకోవడం. మోకాలి ఆపరేషన్ అయ్యాక మొదటి రోజుల్లో మీరు చాలావరకు వెల్లకిలానే పడుకోవాల్సి వస్తుంది. సరిగ్గా అప్పుడే మత్తు ఇంకా పూర్తిగా దిగదు, నొప్పికి ట్రమడాల్ లాంటి మందులు ఇస్తారు, అవి కూడా ఊపిరిని మందగింపజేస్తాయి. ఇంట్లో మీరు సాధించుకున్న మెరుగు అవసరమైన వారంలోనే చేతికందకుండా పోతుంది.

మూడోది, ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం. దివాన్ మీదకి మారి మీరు చేసింది ఒకరకంగా అదే. పరీక్ష చేయించుకోకపోయినా మత్తు డాక్టరుకు మాత్రం "గురక ఉంది, మధ్యలో ఆగుతోందట, రాత్రి ఆల్‌ప్రజోలం వేసుకుంటాను" అని మూడు ముక్కలూ చెప్పాలి. అది తెలిస్తే ఏ మత్తు ఇవ్వాలి, ఏ నొప్పిమందు ఎంత ఇవ్వాలి, ఎన్ని గంటలు ఆక్సిజన్ కనిపెట్టి చూడాలి అన్నవన్నీ మారతాయి.

పరీక్ష తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఇంట్లో పని ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ముందు ముక్కు సంగతి చూడండి. ఏడాదిగా వేసుకుంటున్న చుక్కల సీసా తిప్పి చూడండి. ఆక్సీమెటాజోలిన్ అనో జైలోమెటాజోలిన్ అనో ఉంటే మీ దిబ్బడకి ఇప్పుడు ఆ మందే కారణం కావచ్చు. అది ముక్కులోపలి రక్తనాళాలను కుదించి దారి తెరుస్తుంది. మూడు నుంచి అయిదు రోజులు దాటాక మందు దిగిన ప్రతిసారీ అవి ముందుకన్నా ఎక్కువ వాస్తాయి. మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. పైగా అది బీపీని కూడా పెంచగలదు. రెండు ముక్కులకూ ఒకేసారి ఆపితే రెండు రాత్రులు నరకంగా ఉండి మూడో రాత్రి మళ్లీ సీసా పట్టుకుంటారు, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. అందుకని ఒక ముక్కుకు ఆపండి, రెండోదానికి వేసుకుంటూ ఉండండి. వారం పది రోజుల్లో మొదటిది తెరుచుకుంటుంది, అప్పుడు రెండోది ఆపండి. ఈలోగా ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటి స్ప్రే వాడొచ్చేమో డాక్టరును అడగండి. అది చుక్కల మందులా నిమిషాల్లో పనిచేయదు, పూర్తి గుణానికి రెండు వారాలు పడుతుంది. కొట్టుకునే పద్ధతి కూడా ముఖ్యం. తల కొంచెం వంచి, ఎడమ ముక్కుకు కుడిచేత్తో, కుడి ముక్కుకు ఎడమచేత్తో, ములుకు చెవివైపు ఉండేలా కొట్టాలి. మధ్య గోడకేసి కొడితే రక్తం కారుతుంది. గట్టిగా పీల్చితే మందు గొంతులోకి జారిపోతుంది. కుడిభుజం పట్టేసింది కాబట్టి మీకు ఎడమచెయ్యే వాటంగా ఉండొచ్చు, అప్పుడు ములుకు దిశ ఇంకా జాగ్రత్తగా చూసుకోండి.

ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే ఈ రెండు వారాలూ కొంత తేలిగ్గా గడుస్తాయి. అర లీటరు నీళ్లు తెర్లేదాకా కాచి, ఇంకో రెండు నిమిషాలు మరగనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చండి. అందులో ముప్పావు టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా వేయండి. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ముక్కు మండుతుంది. ఆర్వో నీళ్లయినా కాచాల్సిందే. మెదడుకు పట్టే అమీబా ముక్కు దారినే వెళ్తుంది, కేరళలో 2024లోనూ 2025లోనూ ఆ కేసులు వార్తల్లోకి వచ్చాయి. సింక్ మీదకి వంగి, తల పక్కకు వాల్చి, పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి రావాలి. ఆ సేపు నోటితో ఊపిరి తీసుకోండి. పడుకోవడానికి గంట ముందే ముగించండి, లేదంటే లోపల మిగిలిన నీళ్లు గొంతులోకి జారి దగ్గు వస్తుంది. పూర్తిగా బిగుసుకుపోయిన ముక్కులో బలవంతంగా పోయొద్దు.

నెయ్యి మాత్రం వద్దు. పడుకుని ముక్కులో వేసిన నూనె, నెయ్యి కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. నెలల తరబడి వేసుకుంటే ఒకరకమైన న్యుమోనియా వస్తుంది, పెద్దవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. ముక్కు మీద అంటించే పట్టీలు అందరికీ పనిచేయవు. ముక్కు పక్కన బుగ్గ మీద రెండు వేళ్లు ఆనించి బయటికి లాగి ఊపిరి పీల్చి చూడండి. గాలి సులువుగా ఆడితే పట్టీ మీకు సాయపడొచ్చు. తేడా లేకపోతే డబ్బు దండగ.

పక్కకు పడుకోవడం చెప్పినంత తేలిక కాదు, మీకు కుడిభుజంతో ఇబ్బంది. ఎడమవైపే మీ వైపు. తలగడ ఎత్తు మెడ మొదలు నుంచి భుజం చివరిదాకా ఉన్న కొలతకు సరిపోవాలి, చాలామందికి నాలుగైదు అంగుళాలు. అంతకన్నా పల్చనైతే తల కిందికి వాలి ఎడమభుజం కూడా పట్టేస్తుంది. కుడిచేతిని గాల్లో వదలకుండా గుండెల ముందు ఒక దిండు పెట్టి దానిమీద ఆనించండి, పట్టేసిన భుజానికి రాత్రి నొప్పి తగ్గుతుంది. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. పాతకాలపు చిట్కా ప్రకారం వీపుకు బంతి కుట్టుకోమంటారు. దానివల్ల ఫలితం ఉంటుంది, కానీ గుచ్చుకుంటుందని చాలామంది కొన్ని నెలల్లోనే వదిలేస్తారు. మీకు టవలు నయం. మందపాటి టర్కీ టవలును నాలుగంగుళాల లావున చుట్టి, పాత దిండుగలీబులో దూర్చి, పాత నైటీకి వెనకవైపు భుజాల ఎముకల మధ్య నిలువుగా కుట్టేయండి. వెల్లకిలా తిరగబోతే అది అడ్డుపడుతుంది, నొప్పి పెట్టదు. మొదటి వారం నిద్ర చెడుతుంది, రెండో వారానికి ఒళ్లు అలవాటు పడుతుంది.

తల ఎత్తు చేసుకోవడం ఆపరేషన్ తర్వాత వెల్లకిలా పడుకోవాల్సిన రోజుల్లో బాగా పనికొస్తుంది. దిండ్ల మీద దిండ్లు పేర్చితే మాత్రం తల ముందుకు వంగి గొంతు మడత పడుతుంది, గురక పెరుగుతుంది. నడుము నుంచి తలదాకా ఒకే ఏటవాలు ఉండాలి. దూదేకులవాళ్లు కుట్టే మెత్తటి బొంత కుదించుకుపోతుంది, గట్టి ఫోముతో ఏడెనిమిది అంగుళాల ఎత్తు, కనీసం రెండడుగుల పొడవుండే ఏటవాలు దిండు తీసుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల చెక్కదిమ్మెలు పెట్టడం ఇంకో మార్గం. ఇటుకలు జారతాయి, వద్దు. దిమ్మెకు మంచంకోడు కూర్చునే గుంట తవ్వించాలి. రాత్రి మూడుసార్లు లేచేవాళ్లకు మంచం ఎత్తు మారితే పడిపోయే భయం ఉంది కాబట్టి మీకైతే ఏటవాలు దిండే నా సలహా.

ఇక నాలుక వ్యాయామాలు. ఇందులో మీరు నాకన్నా ముందున్నారు. వర్ణమాలలో కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు అని పిల్లలతో ఎన్ని వేలసార్లు వల్లె వేయించారో, అది నోటి లోపలి పటమే. గురక ఆ పటంలో కంఠ్యాల చోట పుడుతుంది. బ్రెజిల్‌లోని సావోపాలో పరిశోధకులు 39 మంది మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, మూడు నెలలు రోజూ మూడుసార్లు ఎనిమిదేసి నిమిషాలు ఈ వ్యాయామాలు చేసినవాళ్లకు గురకల సంఖ్య 36 శాతం తగ్గింది. పై కట్టుడు పళ్లు తీసేసి చేయండి, నాలుకకు అంగిలి నేరుగా తగలాలి. నాలుక కొనను 'ట' అనేటప్పుడు తగిలే చోట ఆనించి, వెనక్కి రాసుకుంటూ తీసుకెళ్లడం ఇరవైసార్లు. నాలుక మొత్తాన్ని అంగిలికి అతికించి పైకి పీల్చిపట్టడం ఇరవైసార్లు. కొన కింది ముందు పళ్లకు తగిలించి ఉంచి, నాలుక వెనకభాగాన్ని కిందికి నొక్కడం ఇరవైసార్లు. అద్దం ముందు నోరు తెరిచి 'ఆ' అంటూ కొండనాలుక పైకి లేచేలా చేయడం ఇరవైసార్లు. లేవకపోతే మీరు గొంతుతో అంటున్నారు, అంగిలితో కాదు. ఆఖరున బుగ్గ లోపల వేలు పెట్టి బయటికి నెట్టుతూ, బుగ్గ కండరంతో వేలును లోపలికి తోయడం రెండు వైపులా పదేసిసార్లు. మొదటి నెల తేడా కనిపించదు, మానేసేది ఆ నెలలోనే. జైపూర్‌లో 30 మంది మీద చేసి 2025లో ప్రచురించిన పరీక్షలో ఆరునెలలు శంఖం ఊదినవాళ్లకు కూడా మేలు కనిపించింది. శంఖం ఊదేటప్పుడు బీపీ, కంటిలో ఒత్తిడి పెరుగుతాయి కాబట్టి ప్రస్తుతం మీరు అక్షరాలతోనే సరిపెట్టుకోండి.

కట్టుడు పళ్లు రాత్రి తీయాలా, ఉంచాలా? ఉంచుకుంటే దవడ వెనక్కి కుంగకుండా కొందరికి ఊపిరి మెరుగవుతుంది, కొందరికి తేడా ఉండదు. రాత్రంతా ఉంచుకుంటే నోట్లో పూత, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ పెరుగుతాయన్నది మాత్రం గట్టి మాట. కాబట్టి తీసి నీళ్లలో వేయడమే మేలు. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి పెట్టుకునే దవడ అచ్చులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటికి పట్టు దొరకాలంటే రెండు వరసల్లోనూ గట్టి పళ్లుండాలి, అవి మీకు కుదరవు.

థైరాయిడ్ మాత్ర కాఫీతో వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టదు, థైరాయిడ్ తక్కువైతే గొంతు కణజాలం వాచి గురక పెరుగుతుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. కాల్షియం మాత్ర వాడుతుంటే దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆపరేషన్‌కి ఎలాగూ రక్తపరీక్షలు చేస్తారు, అందులో థైరాయిడ్ సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష కూడా రాయించుకోండి.

బరువు గురించి మీరు విసిగిపోయి ఉంటారు కాబట్టి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. పదోవంతు, అంటే మీకు ఏడు కిలోలు తగ్గితే, ఊపిరి ఆగే సంఖ్య నాలుగోవంతు దాకా తగ్గొచ్చు. రెండు నెలల్లో రెండు మూడు కిలోలు తగ్గినా మోకాలికి కూడా మంచిదే. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందు ముగించండి. పసుపు పాలు తాగితే గురక తగ్గదు, బాత్రూంకి ఇంకోసారి లేస్తారు.

కొడుకు తెచ్చిన అయస్కాంతం క్లిప్పు డ్రాయరులో ఉంచితే నష్టం లేదు, పెట్టుకుంటే లాభమూ లేదు. గడ్డం పట్టీ నోటిని మూస్తుంది గానీ నాలుకను వెనక్కి జారకుండా ఆపలేదు. టేపు మాటకొస్తే, ముక్కు దిబ్బడ ఉండి ఊపిరి ఆగుతుందన్న అనుమానమున్న మనిషి నోరు మూస్తే మిగిలిన ఒక్క దారీ పోతుంది. ఆ సలహా తప్పు. కానీ ఆ మాట అన్న తీరును మీరు ఇంకోలా కూడా చూడొచ్చు. ఆ వీడియోలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి, చూసినవాళ్లు వాటిని తమకూ ఇంట్లోవాళ్లకూ చెబుతున్నారు. నొచ్చుకోవడం తప్పు కాదు, మనసులో పెట్టుకుంటే మాత్రం ఇద్దరికీ బరువు. "టేపు వద్దమ్మా, నాకు ముక్కు దిబ్బడ. ఆ నిద్ర పరీక్ష ఎక్కడ చేస్తారో కాస్త చూసిపెట్టు" అని ఆ అమ్మాయికే పని అప్పగించి చూడండి. ఆమె అన్నది ఎకసెక్కమో ఆదుర్దానో ఆమె చేసే పనిలో తెలిసిపోతుంది. నాకైతే రెండోదే అనిపిస్తోంది, మీ ఉత్తరం చదివి అంతకన్నా గట్టిగా చెప్పలేను.

హాల్లో దివాన్ మీద పడుకోవడం తాత్కాలికంగా బాగానే ఉంది, పిల్లకు నిద్ర కావాలి. అయితే దివాన్ ఇరుకు, మోకాళ్లతో అర్ధరాత్రి లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చిన్న బెడ్‌లైటు, చేతికందే దూరంలో బరువైన కుర్చీ పెట్టించుకోండి. మనవరాలితో మాత్రం ఒకసారి కూర్చుని మాట్లాడండి. భయపడి చెప్పిన మాటకు పెద్దలు నవ్వితే, ఇంకోసారి ఆ పిల్ల చెప్పదు.

కాశీకి మాఘం దాకా వ్యవధి ఉంది, ఈలోగా మోకాలు కూడా కుదుటపడాలి. మీ బృందంలో ఒకరికి ముందే చెప్పి, సత్రంలో గోడవైపు చివరి చోటు అడగండి. రైల్లో కింది బెర్తు తీసుకోండి, అది మీ టవలు నైటీ కన్నా నయం. వీపు గోడకు ఆనించి పక్కకు పడుకుంటే వెల్లకిలా తిరగడానికి చోటే ఉండదు. అయితే ఎడమవైపు పడుకుని వీపు గోడకు ఆనాలంటే తల ఏవైపు పెట్టాలో బెర్తు చూసి తేల్చుకోవాలి. మందుల షాపులో దొరికే ఫోము చెవిబిరడాలు ఒక ప్యాకెట్ తీసుకెళ్లండి. వేళ్లతో సన్నగా నలిపి, రెండోచేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, అరనిమిషం వేలితో పట్టుకుంటే చెవిలో విచ్చుకుని బిగుస్తాయి. తిరుపతిలో మీ గురక తీసి చూపించినావిడకు మొదటి జత ఇవ్వండి.